వీపు తిప్పి కూర్చునే టీచరమ్మ

పదమూడో ఎక్కం దగ్గర నేను బడి మానేశాను. అందుకే ఈ రోజుకీ ఎవరైనా పదమూడు బోల్టులు అడిగితే, పన్నెండు లెక్కపెట్టి చేతిలో పెట్టి ఇంకొకటి కొసరుగా ఇస్తాను. మా విడవలూరు పక్క రొయ్యల గుంటల మీద నన్ను ధారాళమైన మనిషి అనుకునేవాళ్లు చాలామందే ఉన్నారు. ఆ ధారాళం వెనక ఎక్కం రాకపోవడం ఒక్కటే ఉందని కనిపెట్టిన మనిషి పోయిన వారం చనిపోయింది.

ఆమె మా ఊరి ఎలిమెంటరీ బడిలో మూడేళ్లు టీచరమ్మ. రోజూ కోవూరు నుంచి వచ్చిపోయేది. పేరు రాయను. రాస్తే, స్పెల్లింగు సరిగ్గా ఉందో లేదో చూడటానికి లేచి వచ్చినా వస్తుంది.

కబురు తెలిసినప్పుడు నేను నడుంలోతు నీళ్లలో ఉన్నాను. గుంటలో రొయ్యలకు గాలి అందేటట్టు నీళ్లను చిలికే చక్రాల మిషన్లుంటాయి. ఏరియేటర్లంటారు. వాటిని బాగుచేయడమే నా బతుకు. ఒకదాని గేర్ బాక్సులో చెయ్యి పెట్టి ఉండగా గట్టు మీద ఫోను అదేపనిగా టింగుటింగుమంది. ఎక్కి చూస్తే, బడి పిల్లల తల్లిదండ్రుల గ్రూపులో దండ వేసిన ఫోటో. గ్రీజు వేళ్లతోనే ఫోటోను పెద్దది చేశాను, ఇప్పటికైనా నవ్విందేమో చూద్దామని. నవ్వలేదు.

పోయినవాళ్ల గురించి మంచే మాట్లాడాలంటారు. మాట్లాడేవాళ్లకు కొరత లేదు. గ్రూపులో గంటలోపే వంద దండాలు, యాభై దీపాలు వచ్చి పడ్డాయి. నాకు ఆమె గిట్టదు. అప్పుడూ గిట్టలేదు, ఇప్పుడూ గిట్టదు. అందరూ దండాలు పెడుతుంటే ఈ సంగతి రాసేవాడు కూడా ఒకడుండాలి కదా.

నేను నలుగురిని నవ్వించి బతికే మనిషిని. నా పెళ్లిలో పంతులుగారు మంత్రం మధ్యలో నవ్వు ఆపుకోలేక మళ్లీ మొదటికొచ్చారు. కరెంటు ఆఫీసులో నా జోకు అయ్యేదాకా లైన్‌మన్ స్తంభం ఎక్కడు. అలాంటి నా జోకును ఈమె ఏం చేసేదో చెప్తాను. శ్రద్ధగా వినేది. నేను ముగించేదాకా ఆగేది. చుట్టూ ఉన్నవాళ్లు పొట్ట పట్టుకుని నవ్వుతుంటే వాళ్ల నవ్వు తీరేదాకా కూడా ఆగేది. చివరి మనిషి కళ్లు తుడుచుకున్నాక, "సరే. తర్వాత ఏమైంది?" అనేది.

జోకుకు తర్వాత ఏముంటుంది? మూడుసార్లు అలా అడిగించుకున్నాక ఆమెకు 'గోడ' అని పేరు పెట్టాను. ఊరంతా పాకింది. ఆమె చెవిన కూడా పడింది. నొచ్చుకున్నట్టు కనపడలేదు. అది మరీ మంట.

పొట్టి మనిషి. జడను ముడి వేసి అందులో పెన్సిలు గుచ్చుకునేది. ఎడమ చెప్పుకు పిన్నీసు. ఎండైనా వానైనా గొడుగు చంకలోనే ఉండేది తప్ప తెరుచుకునేది కాదు. పిల్లలు తప్పు రాస్తే రబ్బరు పెట్టి తుడవనిచ్చేది కాదు. ఒక్క గీత కొట్టి పక్కన మళ్లీ రాయమనేది. "కొట్టేసింది కూడా కనపడాలి. ముందు ఏమనుకున్నావో రేపు నీకే తెలియాలి" అనేది. ఒక తప్పును రెండు రోజులు దాచిపెట్టుకోవడం ఏం సుఖమో నాకు అర్థం కాలేదు. తుడిచేస్తే పోతుంది కదా.

ఆమెకు ఇంకో జబ్బుంది. ఎవరేం చెప్పినా "ఎక్కడుంది? చూపించు" అనడం. బడిలో పిల్లలతో అంటే సరే, ఏ పేజీలో ఉందో వేలు పెట్టి చూపిస్తారు. బస్టాండు దగ్గర చేపలమ్మే ఆమెతో కూడా అదే వరస.

"ఇవి ఎప్పుడు పట్టినవి?"

"పొద్దున్నే తల్లీ, ఇప్పుడే ఒడ్డుకొచ్చినాయి."

"నువ్వు చూశావా?"

"మా ఆయన పట్టినాడమ్మా."

"అంటే ఆయన చెప్పాడు. నువ్వు చూడలేదు."

చేపలామె కత్తిపీట పక్కన పెట్టేసింది. "మేయ్, నువ్వు చేపలు కొంటావా, నా మొగుడి మీద కేసు పెడతావా?"

ఆమె చేపలు కొన్నది. మొప్ప ఎత్తి చూసుకుని మరీ కొన్నది. బేరం మాత్రం ఆడలేదు.

ఆమెతో నాకు మొదటి తగాదా బడి గడప దగ్గరే. మా అమ్మాయి భార్గవి అప్పుడు ఐదో తరగతి. పుట్టుకతోనే ప్రశ్నల పుట్ట. బండి మీద ముందు కూర్చోబెట్టుకుని గుంటల వెంబడి తిప్పుతుంటే, రొయ్యకు రక్తం ఉంటుందా, ఉప్పుటేరుకు ఆ పేరు ఎవరు పెట్టారు, నువ్వు నా అంత ఉన్నప్పుడు ఏం చేసేవాడివి, అని ఆగకుండా అడిగేది. తెలిసినవి చెప్పేవాడిని, తెలియనివి కల్పించేవాడిని. రెండూ ఒకే రకంగా నమ్మేది. ఆ నమ్మకం రుచి వేరు. ఊరంతా నవ్వినా రాని రుచి అది.

ఆ పిల్ల ఒకరోజు ఇంటికొచ్చి "నానా, మేం ఇప్పుడు రింగులో చదువుతున్నాం" అంది. రింగు వల తెలుసు, రింగు చదువు ఏందని మర్నాడే బడికి పోయాను.

చూస్తే బల్లలన్నీ గోడకు నెట్టేసి ఉన్నాయి. పిల్లలు ఐదుగురేసి గుండ్రంగా నేల మీద కూర్చుని ఉన్నారు. ఒక్కో గుంపుకు ఒక్కో చిన్న పుస్తకం. ఉప్పు కొఠార్లలో పనిచేసిన ఒక అమ్మ కథ, కాలువ తవ్వకానికి వలసొచ్చిన ఒక కుటుంబం కథ. ఆమే పెద్ద అక్షరాలతో రాసి, దారంతో కుట్టి పెట్టినవి. గుంపులో ఒకరు ప్రశ్నలు వేయాలి. ఒకరు తెలియని మాటలు ఏరాలి. ఒకరు బొమ్మ గీయాలి. ఒకరు, పుస్తకంలో జరిగినలాంటిది మన ఊళ్లో ఎవరికి జరిగిందో వెతికి తేవాలి. ఇంకొకరు, అందరూ మాట్లాడుతున్నారా లేదా అని చూసుకోవాలి. వారానికోసారి పనులు మారతాయి. చరిత్ర పాఠమూ అదే, తెలుగు పాఠమూ అదే.

మరి టీచరు? టీచరు గుంపు వెనకాల నేల మీద, పిల్లలకు వీపు తిప్పి, గోడ వైపు చూస్తూ కూర్చుని ఉంది. పిల్లలు ఏదైనా తేలక ఆమె వైపు చూస్తే వాళ్లకు కనపడేది ఆ వీపే. మళ్లీ వాళ్లలో వాళ్లే కొట్టుకుని తేల్చుకోవాలి.

"టీచరమ్మా, గోడకు పాఠం చెప్తుండారా?" అన్నాను. పిల్లలు గొల్లుమన్నారు.

ఆమె తల తిప్పింది. నవ్వు తగ్గేదాకా ఆగింది. "నా మొహం కనపడితే జవాబు నా మొహంలో వెతుక్కుంటారన్నా. పుస్తకంలో వెతకరు" అంది. మళ్లీ గోడ వైపు తిరిగింది.

జీతం తీసుకుని వీపు చూపించే ఉద్యోగం ఇదొక్కటే అని ఆ సాయంత్రం టీకొట్టులో చెప్పాను. బాగా పేలింది.

రెండో తగాదా మామూలుది కాదు. దాని కోసమే ఇదంతా.

బడిలో ఒక పాత ట్రంకు పెట్టె ఉండేది. దాని నిండా చెదలు కొట్టిన రిజిస్టర్లు. పాత కాగితాల వాడికి వేద్దామనుకుంటుంటే ఈమె అడ్డం పడింది. పిల్లలు చరిత్ర అంటే రాజులు, కోటలే అనుకుంటున్నారనీ, వాళ్లు కూర్చున్న బండకు కూడా చరిత్ర ఉందనీ అన్నదట. ముప్పై ఏళ్ల కిందటి అడ్మిషన్ రిజిస్టరులో రెండు పేజీలు, ఆ నెల హాజరు పట్టీ ఎంచి, పెద్ద చార్టు మీద ఎత్తి రాసి, భార్గవి వాళ్ల రింగుకు అదే ఆ వారం పుస్తకమని ఇచ్చింది. ఆ పేజీల్లో పేర్లున్నవాళ్లందరి ఇళ్లకూ ముందే చీటీలు పంపింది: మీ పేరున్న పేజీ పిల్లలు చదవొచ్చా, వచ్చి మాట్లాడతారా అని. నాకూ వచ్చింది. చదవకుండానే సంతకం పెట్టేశాను. అప్పట్లో నేను కూడబలుక్కుంటూ చదివేవాడిని. అది బిడ్డ ముందు ఎందుకని. ఏదో పిక్నిక్కు కాగితం అనుకున్నాను.

శుక్రవారం, భోజనాల తర్వాత, తల దువ్వుకుని పోయాను. ఐదుగురి మధ్య నాకొక చాప. మా భార్గవి ఆ వారం ప్రశ్నలు వేసే పిల్ల. దాని పక్కన రఫీ, మా టైలరు మస్తాన్ కొడుకు, మాటలు ఏరేవాడు. మస్తాన్, నేను ఒకే తరగతి; ఒకే నెలలో బడి మానినవాళ్లం. ఆమె మా వెనకాల, మామూలే, వీపు.

"బడి గురించి మీకు గుర్తున్నది చెప్పండి" అన్నారు పిల్లలు. నాకు కావలసిందీ అదే. ముప్పై ఏళ్లుగా అరిగిపోకుండా ఆడుతున్న నా సొంత కథ ఎత్తుకున్నాను. మా అయ్యవారి బెత్తం ఎంత పొడవో, అది గాలిలో లేస్తే కాకులు ఎలా లేచిపోయేవో, పదమూడో ఎక్కం రాలేదని ఆయన చెయ్యెత్తితే నేను ఆ బెత్తం పట్టుకుని మూడు ముక్కలు చేసి, మూడూ ఆయన చేతిలోనే పెట్టి, కిటికీలోంచి దూకి, వెనక్కి తిరిగి చూడకుండా సముద్రం దాకా పరిగెత్తడం. పిల్లలు దొర్లి దొర్లి నవ్వారు. భార్గవి నవ్వుతూనే చార్టు వైపు చూస్తోంది.

"నానా, ఒకటి అడగనా?"

"అడుగు తల్లీ."

"ఈ పేజీలో ఒక్క నెలలో పదకొండు మంది మానేసినారు. అందరూ కిటికీలోంచే దూకినారా?"

నవ్వు ఇంకాస్త పెరిగింది. నేనూ నవ్వాను. "మా కిటికీ పెద్దది మే" అన్నాను.

రఫీ వేలు పెట్టి చూపించాడు. "ఇక్కడ కారణం రాసుండాది. నీకు రాసిందే మా నాయనకు రాసుండాది. పదకొండు మందికీ ఒకటే. 'చదువు మీద ఇష్టం లేక.'"

"ఒక్క నెలలో పదకొండు మందికి ఒకేసారి ఇష్టం ఎట్టా పోతాది నానా?" అంది భార్గవి. వేళాకోళం కాదు. నిజంగా తెలుసుకోవాలని అడిగింది. "నీకు ఇష్టం లేదా?"

"లేదు. అందుకే గదా దూకింది."

"మరి హాజరు పట్టీలో ఆ నెల నువ్వు ఒక్కరోజు కూడా మానలేదే? చివరి రోజు దాకా వచ్చుండావు."

నేను వెనక్కి తిరిగాను. ఎవరైనా పెద్దవాళ్లు ఇలాంటప్పుడు పిల్లలను ఒక మాట అంటారు. చాల్లే, కూర్చో అంటారు. టీచరమ్మ వీపు కదల్లేదు. పెన్సిలు గుచ్చిన ఆ ముడి, చెప్పుకు ఆ పిన్నీసు, గోడ. పిల్లలను ఎలా వదిలేసిందో నన్నూ అలాగే వదిలేసింది. ఆ నిమిషానికి నేను ఆమెను ఈ జన్మకు క్షమించను.

రింగులో చెప్పనిది ఇక్కడ రాస్తాను. ఆమె గెలిచిందని కాదు. రాయకపోతే నా కోపం మీకు అర్థం కాదని.

బెత్తం లేదు, కిటికీ లేదు. ఆ ఏడు మా తీరానికి రొయ్యల గుంటలు కొత్తగా వచ్చాయి. ఇప్పటిలా రొయ్య పిల్లను పొదిగించి అమ్మేవాళ్లు అప్పటికి మా పక్క లేరు. ఉప్పుటేట్లో దోమతెర గుడ్డతో లాగి పట్టాలి. రొయ్య పిల్ల కనురెప్ప వెంట్రుకంత ఉంటుంది. తెల్ల పళ్లెంలో నీళ్లతో సహా పోసి, ఆల్చిప్పతో ఒక్కొక్కటే ఏరాలి. పెద్దవాళ్ల చూపుకు ఆనదు. పిల్లల కళ్లే కావాలి. మా నాయన ఒక పొద్దున నా చెయ్యి పట్టుకుని బడికి తీసుకుపోయాడు. అయ్యవారు చాలా మెత్తని మనిషి. బెత్తమే ఉండేది కాదు. "ఎందుకయ్యా మాన్పిస్తుండావు, చదివే పిల్లోడిని" అన్నారు. మా నాయన, "నేను మాన్పించేదేంది సామీ, వాడికే ఇష్టం లేదంటాండాడు" అన్నాడు. అయ్యవారు నా వైపు చూశారు. పలక నా చేతిలోనే ఉంది. నేను నోరు తెరవలేదు. ఆయన రాసుకున్నారు. అంతే జరిగింది. ఇందులో నవ్వడానికేమీ లేదు. అందుకని బెత్తం, కిటికీ నేనే తెచ్చి పెట్టుకున్నాను.

రింగు నాటికి మా నాయన పోయి ఏడాది కూడా కాలేదు. భార్గవి పొద్దున లేస్తే తాత ఫోటోకు దణ్ణం పెట్టి గానీ పళ్లు తోముకోదు. ఆ బిడ్డకు ఏమని చెప్పాలి? మీ తాత అబద్ధమాడాడనా? నేను పక్కనే నిలబడి ఆడనిచ్చాననా? నా మాట వేదంలా వినే ఒక్క మనిషి ముందు ఏదో ఒకటి పోగొట్టుకోవాలి, తాతనైనా, నన్నైనా. నేను చాప మీద నుంచి లేచాను.

"ఏం చదువు ఇది? పెద్దోళ్లను కూర్చోబెట్టి పోలీసుల మాదిరి అడగడమా నేర్పిస్తుండారు?"

అప్పుడు ఇటు తిరిగింది ఆమె. "జవాబు చెప్పి తీరాలని లేదన్నా. ఆ కారణం రాసింది మీరు కాదు, దాని కింద మీ సంతకం లేదు. అది తప్పనిపిస్తే పక్కన మీ మాట రాసుకుంటాం. సరే అనిపిస్తే అలాగే ఉంచుతాం."

"సరిగ్గానే ఉండాది" అన్నాను. భార్గవి తల వంచి తన కాగితం మీద ఏదో రాసుకుంది. ఏం రాసిందో చూడలేదు.

మరుసటి వారం మస్తాన్‌ను పిలిచారు. వాడు పోయి, మా నాయన ఏటికి పొమ్మన్నాడు, పోయినాను, ఏడ్చినాను అని చెప్పేశాడట. పిల్లలు రాసింది చదివి వినిపిస్తే, "ఏడ్చినాను కాదు, మూడు రోజులు ఏడ్చినాను అని రాయండి" అని దిద్దించాడట. సిగ్గులేని మనిషి. టైలరు గదా, కుట్టు విప్పడం అలవాటు.

నేను మాత్రం చేయాల్సింది చేశాను. అప్పుడు బడి పేరెంట్స్ కమిటీలో ఉన్నాను. పాఠాలు చెప్పకుండా గోడ చూస్తుందనీ, పిల్లలను గుంపులు చేసి ముచ్చట్లు పెట్టిస్తుందనీ, ప్రభుత్వ రిజిస్టర్లు చిన్నపిల్లల చేతికిచ్చి పెద్దల పరువు తీస్తుందనీ అర్జీ రాయించాను. టీకొట్టులో కూర్చుని ఎనిమిది మందిచేత సంతకాలు పెట్టించాను. తొమ్మిదోది నాది. సంతకాలు పెట్టించడానికి కష్టపడలేదు. ప్రతి ఒక్కరికీ ఒక జోకు చెప్పాను, నవ్వుతూ పెట్టేశారు.

విచారణకు అధికారి వచ్చాడు. అందరి ముందూ అడిగాడు. ఆమె వాదించలేదు. ఒక కవరులోంచి చీటీ తీసి బల్ల మీద పెట్టింది. 'మీ పేరున్న పేజీ పిల్లలు చదవొచ్చా' అనే చీటీ. కింద నా సంతకం. నా సంతకాన్ని తెచ్చి నా మీదే సాక్ష్యం నిలబెట్టింది చూడండి! "చదవకుండా పెట్టినాను సార్" అన్నాను. గదంతా నవ్వింది, అధికారితో సహా. ఒక్కరు తప్ప. ఏమైతేనేం, రిజిస్టర్లు పిల్లలకివ్వడం తప్పే అన్నాడాయన. ట్రంకు పెట్టెకు తాళం పడింది. ఆ ఎండాకాలం బదిలీల్లో ఆమె నాయుడుపేట దాటి ఎక్కడో అరవ సరిహద్దు పక్కకు పోయింది. అర్జీ వల్ల పోయిందో, మూడేళ్లు అయింది గనక పోయిందో నాకు తెలియదు. ఊళ్లో నా వల్లే అనుకున్నారు. నేను కాదనలేదు.

వెళ్లేముందు నా షెడ్డుకు వచ్చింది. నేను మోటారుకు తీగ చుట్టిస్తున్నాను, నలుగురు పనివాళ్లున్నారు. చంకలో గొడుగు, చేతిలో పిల్లలు కుట్టిన పుస్తకం. అట్ట మీద 'మా బడి మానినవాళ్లు' అని వంకర అక్షరాలు.

"పది మందివి వచ్చాయన్నా. మీకు అర పేజీ వదిలి పెట్టాం. ఎవరు చెప్పినా మీ బదులు రాయొద్దని పిల్లలకు చెప్పాను. మీరు ఎప్పుడు చెప్తే అప్పుడు రాస్తారు."

"ఖాళీ ఎందుకులే టీచరమ్మా, ఏరియేటరు బొమ్మ వేసుకోండి. చిలుకుతానే ఉంటాది" అన్నాను. పనివాళ్లు పడి పడి నవ్వారు.

ఆగింది. మామూలే. చివరి వాడి నవ్వు అయ్యేదాకా నిలబడింది. "సరే" అంది. 'తర్వాత ఏమైంది' అని అడగలేదు ఈసారి. వెళ్లిపోయింది. తిట్టి ఉంటే తిట్టి ఉండేవాడిని. ఏడ్చి ఉంటే క్షమాపణ అడిగేవాడినేమో కూడా. 'సరే' అన్న మనిషిని ఏం చేస్తాం? బదులు చెప్పనివ్వకుండా పోయే మనుషులంటే నాకు ఒళ్లుమంట.

అది జరిగి ఆరేళ్లు. ఈ ఆరేళ్లలో పేపర్లు చదివి చదివి చదవడం, రాయడం కాస్త పట్టుబడ్డాయి. అందులో ఆమె గొప్పేమీ లేదు, నా కళ్లజోడుది.

ఫోటో చూసిన రోజు సాయంత్రం చేతులు కడుక్కుని మస్తాన్ కొట్టుకు పోయాను. వాడు మిషను మీద ఎవరిదో స్కూలు గౌను అంచు కుడుతున్నాడు.

"చూసినావా గ్రూపులో?" అన్నాను.

"చూసినా." తల ఎత్తలేదు.

"పోయిందిలే. పోయినామెను అనగూడదు గానీ, ఊరినంతా బోనులో నిలబెట్టిన మనిషి."

మిషను ఆగలేదు. నేనే అందుకున్నాను.

"ఎవరేమన్నా ఆరోజు నేను చేసింది మంచే అయ్యిందిరా. మా భార్గవినే చూడు. అప్పుడు ప్రశ్నలతో నన్ను ఎట్టా వేపుకు తినేది! ఆ రింగుతో సరి, ఆ పిచ్చి వదిలిపోయినాది. ఇప్పుడు ఇంటర్‌కొచ్చినాది, ఒక్క మాట ఎదురడగదు. నేను ఏం చెప్తే అదే. మొన్న చుట్టాలొస్తే బెత్తం కథ చెప్పినా. అందరికంటే ముందు నవ్వింది ఎవరనుకున్నావు? నా బిడ్డే."

మస్తాన్ చక్రం మీద అరచెయ్యి పెట్టి మిషను ఆపాడు. సూది పైకెత్తి, గౌను పక్కన పెట్టి, నా మొహంలోకి చూశాడు.

"రే అబ్బయా, నీ బిడ్డ ఆ రింగైన మూడో రోజే ఈ గడప ఎక్కినాది. 'మస్తాన్ మామా, మా నాయన బడి ఎందుకు మానేసినాడో నీకు తెలుసా' అనింది. తెలుసు గదా, మీ నాయన అయ్యోరితో ఆ మాట అన్నప్పుడు నేనూ ఆడనే నిలబడుండా. చెప్పినా. ఏడ్చి, మొహం కడుక్కుని ఇంటికి పోయినాది. ఆరేళ్ల నుంచి నువ్వు ఆ కథ ఎత్తుకున్నప్పుడల్లా అందరికంటే ముందు నవ్వతాండేది ఎందుకనుకుంటివి? ఎవురూ నవ్వకపోతే నీ మొహం ఎట్టుంటాదో ఆ పొద్దు రింగులో చూసినాది గదరా, అందుకని."